అప్పలస్వామి తాత గడియారానికి నేనంటగట్టిన రోగాలు

నా చేతిలో పాడైపోయిన గడియారాలు చాలానే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి ఒక్కటీ పాడు చెయ్యలేదని ఎవడైనా అంటే నమ్మకండి. కానీ బాగుపడిన గడియారం వల్ల పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం ఈ ఉత్తరాంధ్ర మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం పాతికేళ్ళు పట్టింది.

అరవైల చివరి మాట. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. విజయనగరంలో ఒక గురువుగారి దగ్గర నాలుగేళ్ళు వాచీ పని నేర్చుకుని, బొబ్బిలి బజారులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ముందు సగం షాపు, వెనక సగం కాపురం. కాపురం అన్నానే గాని, ఉన్నది నేనూ ఒక కిరసనాయిలు స్టవ్వూ ఒక చాపా. అమ్మ శ్రీముఖలింగంలో మా అన్నయ్య దగ్గర ఉండేది. బొబ్బిలిలో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడూ లేడు.

బజారులో షాపు పెట్టినవాడికి మనుషులకు కరువేమిటని మీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకుని దిగాను. మంగలి షాపులో నలుగురు కూర్చుంటారు, టైలరు దగ్గర ముగ్గురు కూర్చుంటారు, కిళ్ళీకొట్టు దగ్గర నిలబడేవాళ్ళకి లెక్కే లేదు. వాచీ షాపులో ఎవడూ కూర్చోడు. టైము చూసుకునేవాడికే టైముండదు మరి! చేతిది ఊడదీసి బల్ల మీద పెడతాడు, "ఎప్పుడు రమ్మంటావు?" అంటాడు, పోతాడు. మళ్ళీ వస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, పోతాడు. ఇక గోడ మీద ఏడు గడియారాలుండేవి. అవి ఏడూ ఏడు టైములు చెప్పుకుంటూ కూర్చునేవి, ఒకదాని మాట ఇంకొకటి వినేది కాదు.

పొద్దున్న లేచింది మొదలు సాయంత్రం దాకా నా నోటినుంచి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టుకునే దశకు వచ్చాను. ఒకరోజు పదకొండు వచ్చాయి. అందులో నాలుగు హోటల్లో "ఇంకొంచెం సాంబారు వెయ్యండి బాబూ" అన్నవి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ రోజు నాకు సాంబారు అక్కర్లేదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా గుమ్మంలోకి అప్పలస్వామి తాత వచ్చాడు. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. పంచె నిండా పసుపుపచ్చటి చెక్కపొట్టు. బొబ్బిలికి రెండు మైళ్ళలో ఉన్న పల్లెలో వీణలు చేస్తాడు. ఆ పొట్టు పనస కర్రది.

"ఓరి బాబూ, కొత్తగా ఒచ్చిన గడియారాలోడివి నువ్వేనేటి?"

"నానే తాతా. కూకో."

ఆశ్చర్యం, కూర్చున్నాడు! షాపు తెరిచిన మూడు నెలల్లో ఆ స్టూలు మీద కూర్చున్న మొదటి మనిషి ఆయనే. నడుము నుంచి గుడ్డమూట తీసి విప్పాడు. అందులో జేబు గడియారం ఉంది, అరచేయంత వెండిది.

"మా నాయన కాలం నాటిది. ఎవులో జమీందారు వీణ సేయించుకుని, సంతోషించి ఇచ్చీసినాడట. నాలుగు దినాలై ఆగిపోనాది. ఏటయినాదో సూడు."

వెనక మూత తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని చూశాను. అలాంటి పని గురువుగారి దగ్గర ఒకే ఒక్కసారి చూశాను. పైనుంచి చక్రాలను పట్టి ఉంచే బ్రిడ్జిల మీద ఏటవాలుగా సన్నటి చారలు, దున్నిన చేను చాళ్ళలాగా ఒక్కటీ వంకర పోకుండా ఉన్నాయి. చక్రాల అడుగున ఉన్న పలక మీద చిన్న చిన్న గుండ్రాలు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి. ఇరుసులు తిరిగేచోట పదిహేను కెంపు రాళ్ళు. వాటిని బిగించిన మరలన్నీ నీలం! రంగు వేసిన నీలం కాదు, ఉక్కుని సన్నటి సెగ మీద ఓపిగ్గా వేడిచేసి, ఆ నీలం వచ్చిన క్షణంలో దించేసిన నీలం. క్షణం ఆలస్యమైతే బూడిద రంగైపోతుంది.

"తాతా, ఇటు సూడు" అని భూతద్దం ఆయన చేతికిచ్చాను.

ఆయన పావుగంట చూశాడు. పనివాడు పనివాణ్ణి చూసే చూపు అది. "ఏటిరా ఇది! మూత ఎట్టీస్తే ఇదెవులికీ కనపడదు కదా?"

"కనపడదు. మా వాచీలు బాగుసేసేవోళ్ళకి తప్ప."

"మరెందుకు సేసినాడు?"

"తెల్దు తాతా."

"నాను కూడా వీణ కుండ లోపట నున్నగా తొలుస్తాను. ఎవులు సూస్తారు, సెయ్యెట్టి? వీణ నాదానికి మాత్రం తెలిసిపోద్ది" అని నవ్వి, అక్కణ్ణించి మొదలుపెట్టాడు. పనస చెట్టు ఎలా కొట్టాలి, కర్ర ఎన్నేళ్ళు ఎండాలి, మైనంలో ఇరవై నాలుగు మెట్లూ నిలబెట్టడానికి కొలబద్ద పనికిరాదు, చెవి ఒక్కటే ఆధారం, ఇలా ఒక గంట చెప్పాడు. నేను నోరు తెరుచుకుని విన్నాను. నేనూ మాట్లాడాను. అమ్మ గురించి చెప్పాను, మా ఊరి ఏటి గురించి చెప్పాను. ఆ రోజు మాటల లెక్క తప్పిపోయింది. ఆయన వెళ్ళిపోయాక స్టూలు వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

గడియారానికి వచ్చిన రోగం ఏమీ లేదు. పాత నూనె గడ్డకట్టి జిగురైంది, అంతే. విప్పి, పెట్రోలుతో కడిగి, కొత్త నూనె చుక్కలు పెట్టాను. మర్నాడు పది గంటలకల్లా చిలకలా పలుకుతోంది. మామూలు వాచీ పనివాడైతే సంతోషిస్తాడు. నాకు గుండె జారిపోయింది. ఇచ్చేస్తే తీసుకుని పోతాడు కదా? బాగా చేశాను కనుక ఇక ఏడాది వరకూ ఈ గుమ్మం తొక్కడు కదా?

మధ్యాహ్నం తాత వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "అయిపోనాదేటి?"

ఇక్కడ జాగ్రత్తగా వినండి. నా మెదడు "అయిపోయింది" అని చెప్పమంది. నాలుక దాని మాట వినలేదు.

"ఇంకా నేదు తాతా. హెయిర్ స్ప్రింగు అలిసిపోనాది."

"అలిసిపోవడమేటిరా?"

"ఎంట్రుకంత ఉంటాది కదా. ఇన్నేళ్ళు ముడుసుకోడం, ఇప్పుకోడం. రెండు దినాలు పండబెట్టాల."

"ఓహో" అన్నాడు తాత చాలా గంభీరంగా. "మరి పండనీ. లేపకు." అని, నింపాదిగా చుట్ట వెలిగించుకుని గంటన్నర కూర్చున్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి లోకం నవ్వుతుంది. నేను వాణ్ణి మించిపోయాను. చక్కగా ఆడుతున్న మద్దెలనే ఓడన్నాను.

ఒక అబద్ధానికి రెండు రోజుల గడువు దొరికింది. అది తీరాక ఇంకో భాగాన్ని పడుకోబెట్టాలి. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం వంతు వచ్చింది. సాక్ష్యం చూపించాలి గదా అని, ఆడవాళ్ళ చేతి వాచీ ఒకటి చచ్చిపోయి నా దగ్గర పడి ఉంటే, దాని చక్రం తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది మా గడియారందేనేటి? మరీ ఇంత సిన్నదేటిరా?"

"మురికి కడిగీసినాను కదా తాతా. మురికి పోతే అలాగే సిక్కిపోతాది."

"మనుసుల్లాగేనన్నమాట!"

"మరేటి!"

తరవాత పాలెట్ వచ్చింది. లంగరు ఆకారంలో ఉండి, చక్రాన్ని ఒక్కొక్క పన్నే వదిలే ముక్క అది. దానికి నరం పట్టేసిందన్నాను. తరవాత కెంపు రాయి బీటలిచ్చిందన్నాను. "పదేను రాళ్ళల్లో ఎన్నోది?" అని అడిగాడు. "తొమ్మిదోది" అన్నాను, ఏదో రోజూ వాటికి హాజరు వేస్తున్నవాడిలాగా. కోతిపుండు బ్రహ్మరాక్షసి అంటారే, ఇక్కడ కోతికి అసలు పుండే లేదు, నేనే రోజూ గీకుతున్నాను.

ఆయన రోజూ రావడం, చుట్ట కాల్చడం, తేగలు తెచ్చి విరిచి సగం నాకివ్వడం. నేను పొద్దున్నే స్టూలు తుడిచేవాణ్ణి. రెండు గంటలైతే చాలు, వీధి చివరికి చూపు వెళ్ళిపోయేది. ఇంకా సిగ్గులేని సంగతి ఏమిటంటే, నేను తాతకి ఉపకారం చేస్తున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. 'పాపం, ముసలివాడు. ఇంటి దగ్గర పలకరించే దిక్కు లేదు కాబోలు, ఈ గడియారం వంకతో నా దగ్గర పొద్దుపుచ్చుకుంటున్నాడు. నాది అబద్ధం కాదు, పుణ్యం' అనుకునేవాణ్ణి.

అసలు గడియారం మాత్రం గుడ్డలో చుట్టి, బల్ల సొరుగులో దాచాను. దాన్ని ఆపెయ్యొచ్చు. కీ ఇవ్వకపోతే అదే ఆగుతుంది. కానీ దానికి రోజూ కీ ఇస్తూనే ఉన్నాను. అది ఆగిపోతే నాకెందుకో బెంగ వేసేది. గోడకు చెవులుంటాయని తలుపు దగ్గరకు వేసి మరీ కీ ఇచ్చేవాణ్ణి.

పదో రోజుకి గడియారంలో భాగాలు అయిపోయాయి. గురువుగారు నేర్పినవన్నీ రోగాన పడ్డాయి. ఇక లేనిదాన్ని పుట్టించాలి.

"తాతా, ఫిఫ్త్ వీలు పోనాది. కలకత్తా నుంచి రావాల."

తాత చుట్ట పక్కన పెట్టాడు. "అంటే?"

"అయిదో సెక్రం."

"మొన్న ఏటి సెప్పినావు? సెంటరు, థర్డు, ఫోర్తు, ఆ తరవాత పళ్ళున్న సిన్నది ఎస్కేపు అన్నావు. మరీ ఫిఫ్తు ఎక్కడ కూకుంటాది?"

వీణకి ఇరవై నాలుగు మెట్లు గుర్తుపెట్టుకునేవాడికి నాలుగు చక్రాలొక లెక్కా! "లోపట" అన్నాను.

"లోపట సూసినాం కదరా."

"ఇంకా లోపట."

తాత నా మొహం వంక కాసేపు చూసి, "సరే, కలకత్తా దూరం గదా, నిదానంగా రానీ" అన్నాడు. "రేపొకపాలి ఆ నీలం మరలు సూపించు. మా ఊరోళ్ళకి సెప్తే నమ్మడం నేదు."

అక్కడ పడింది దెబ్బ. నీలం మరలు చూపించాలంటే అసలు గడియారం బయటికి తియ్యాలి. అది ఆడుతూ కనబడకూడదు. కనుక మర్నాడు ఆయన వచ్చేలోపల బ్యాలెన్స్ చక్రాన్ని పట్టి ఉంచే బ్రిడ్జి విప్పి, నిజంగానే రోగిలా పడుకోబెట్టాలనుకున్నాను. విప్పాను. నీలం మరని చిమటాతో పట్టుకున్నాను. ఆవగింజలో సగం ఉంటుంది. ఆ క్షణంలో వీధిలో ఎవరో దగ్గారు, తాతే అనుకుని తలెత్తాను.

'టిక్' మని చిన్న చప్పుడు. చిమటాలో మర లేదు.

వాచీ పనివాడికి ఇంతకన్న భయంకరమైన చప్పుడు లోకంలో లేదు. బల్ల కింద పాకాను. చాప దులిపాను. అయస్కాంతంతో గది నాలుగు మూలలా ఈడ్చాను. మూడు మేకులూ, ఒక జడపిన్నూ దొరికాయి. జడపిన్ను నా గదిలోకి ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. అలాంటి మర బొబ్బిలిలో కాదు, విజయనగరంలో కూడా దొరకదు. నాకు ఏడుపొచ్చింది. రోజూ పాడైందని చెబుతూ, చివరికి పాడు చేశాను.

తాత వచ్చేసరికి నేను మోకాళ్ళ మీద ఉన్నాను. గబగబా లేచి కూర్చుని, గడియారాన్ని గుడ్డలో చుట్టి సొరుగులోకి తోశాను. తాత స్టూలు మీద కూర్చున్నాడు. చుట్ట తీశాడు. వెలిగించలేదు. తల కొంచెం పక్కకు వాల్చాడు.

"ఏటిరా, ఈయేల సప్పుడు నేదు?"

"ఏటి సప్పుడు తాతా?"

"సొరుగులోది."

నేను గోడ వంక చూపించాను. "గడియారాలా? ఆడతన్నాయి కదా..."

"ఆ ఏడింటి సంగతి కాదు. ఎనిమిదోది. పది దినాలై సొరుగులో సుబ్బరంగా ఆడతన్నాది కదా. ఈయేల ఆగిపోనాదేటి?" అని కంగారుగా ముందుకు వంగాడు. "ఒరే, నిజంగా పాడు సేసీనావేటిరా?"

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. బొబ్బిలి భూమి చాలా గట్టిది, చీలలేదు. గోడలకు చెవులుంటాయని జాగ్రత్తపడ్డ వెధవని, మెట్లకు చెవితో శ్రుతి చేసేవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని మరిచిపోయాను! అన్నీ ఒప్పేసుకున్నాను. స్ప్రింగు అలసట, చక్రం చిక్కిపోవడం, కలకత్తా, అన్నీ. ఎందుకు చేశావని ఆయన అడగలేదు.

"మర ఎతుకు" అని మాత్రం అన్నాడు. నాతోపాటు తనూ కాసేపు నేలమీద వెతికి, మోకాళ్ళు పట్టుకుని లేచి, వెళ్ళిపోయాడు. రేపు వస్తాననలేదు.

మర ఆ సాయంత్రమే దొరికింది. నా ప్యాంటు కాలి మడతలో ఉంది. బిగించాను, ఆడింది. మర్నాడు స్టూలు తుడిచి కూర్చున్నాను. రెండయింది, మూడయింది, నాలుగయింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు కూడా రాలేదు. గడియారం వదిలేశాడంటే ఎంత కోపం వచ్చిందో చూడండి! ఆ మూడు రోజుల్లో నా మాటల లెక్క చెప్పను. సాంబారు కూడా అడగలేదు.

నాలుగో రోజు షాపు మూసి, గడియారం జేబురుమాల్లో కట్టుకుని, ఆయన పల్లెకి నడిచాను. ఒక్కడే ఉన్న ముసలివాడి గుడిసె ఎక్కడో వెతుక్కోవాలి అనుకుంటూ వెళ్ళాను. వీధి మొదట్లోనే చూపించారు. ఇల్లు కాదది, సంత. వసారాలో ముగ్గురు కొడుకులు కర్ర తొలుస్తున్నారు. కోడళ్ళు, మనవలు, ఒకడు ఉలి కోసం, ఒకడు పాల కోసం అరుపులు. నాకు పిల్లల తలలు లెక్కపెట్టడం కుదరలేదు. గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. తాత భార్య పైడితల్లమ్మ.

"ఎవులు కావాల?"

"అప్పలస్వామి తాత... గడియారం..."

"ఓలమ్మా! నువ్వేనేటి!" అని లోపలికి తిరిగి కేకేసింది. "ఓలే, గడియారాల గుంటడొచ్చినాడు, రండర్రా!" ఇంటిల్లిపాదీ వచ్చి నన్ను చూశారు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సంగీతం మేష్టరుకి వీణ సేసిస్తానని ఒప్పుకున్నాడు ఈయన. ఆ మేష్టరు రెండుసార్లొచ్చి కేకలేసి ఎల్లిపోనాడు. పని ఎక్కడ అవుతాది? మద్దేనం అయితే సాలు, 'ఆ గుంటడు ఒక్కడే ఉంటన్నాడే, గోడల్తో మాటాడుకుంటన్నాడే, పిచ్చెక్కిపోతాడే, ఓ గంట కూకుని ఒస్తాను' అని లెగిసి ఎల్లిపోతన్నాడు. మొన్న ఆ మేష్టరు మూడోసారి కబురెట్టినాడు. గుమ్మం దాటనిస్తే ఒట్టు అని నానే కూకోబెట్టినాను."

ఒంటరివాణ్ణి ఆదరిస్తున్నానని ఇన్నాళ్ళూ మురిసిపోయానే, ఆ ఒంటరివాణ్ణి నేనే. పద్నాలుగు మందో పదహారు మందో ఉన్న ఇంట్లోంచి, చేతిలో పని వదులుకుని, ఎండన పడి రెండు మైళ్ళు నడిచి వచ్చి, నా అబద్ధాలకు తలూపి, సగం తేగ చేతిలో పెట్టి వెళ్ళాడు ఆ మనిషి. సిగ్గుతో చచ్చిపోయాను. సంతోషం కూడా వేసింది. రెండూ ఒక్కసారే వేస్తే మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు.

తాత లోపల కొత్త వీణ ముందు కూర్చుని, బిరడ తిప్పుతూ తీగ బిగిస్తున్నాడు. గడియారం అందించాను. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"బాగున్నాది" అని మళ్ళీ నా చేతిలో పెట్టేశాడు. "కీ ఇయ్యి."

"నువ్వే ఇచ్చుకో తాతా, ఇంకెందుకు నాకు..."

"నాకు రాదు."

బిరడ మీద వేళ్ళు ఆగలేదు. వెంట్రుకవాసి తిప్పి, మీటి, మళ్ళీ వెంట్రుకవాసి తిప్పుతున్నాడు.

పైడితల్లమ్మ నోరు తెరిచింది. "రాదేటి! నలభై ఏళ్ళై పొద్దుట లెగిసి నువ్వే కదా ఇస్తన్నావు?"

"ఊరుకోయే. సేతి ఏళ్ళకి పట్టు తప్పిపోనాది." నా వంక చూడకుండానే అన్నాడు. "మంచి గడియారం. రోజూ పొద్దుటే పనోడొచ్చి కీ ఇయ్యకపోతే పాడైపోద్ది. ఒచ్చి, కీ ఇచ్చి, గంజి తాగి ఎల్లాల. నీలం మరలకి అదే వైద్యం."

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. ఏమనుకుందో, కోడలితో "ఇంకో గిన్నెట్టు" అంది. నేను గోడ వైపు తిరిగి కీ ఇచ్చాను. ఎన్ని చుట్లు తిప్పానో కనబడలేదు.

ఆ గడియారానికి ఏడేళ్ళు అలా కీ ఇచ్చాను. తాత పోయిన రోజు కూడా ఇచ్చాను. ఇప్పుడు నా షాపుకి వచ్చేవాళ్ళు బ్యాటరీ మార్పించుకుంటారు. అయిదు నిమిషాల పని, నిలబడే ఉంటారు. స్టూలు ఖాళీ.

కనుక చదివే మీ అందరి సాక్షిగా, కంటి భూతద్దం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఆడుతున్న గడియారాన్ని ఆగిపోయిందని ఈ జన్మలో మళ్ళీ అనను. హెయిర్ స్ప్రింగును పండబెట్టను. లేని చక్రాన్ని కలకత్తా నుంచి రప్పించను. మనిషి తోడు కావాలనిపిస్తే, కావాలని నోరు తెరిచి అడుగుతాను.

అయితే ఒక చిన్న మనవి. మొన్న రిటైరైన పెద్దాయన ఒకరు పాత కీ వాచీ తెచ్చారు. అరగంటలో బాగైపోయింది. నిన్న వచ్చి, స్టూలు మీద కూర్చుని, చెవిలో వినికిడి మిషను సర్దుకుంటూ, "అయిందా?" అని అడిగారు.

పై ప్రమాణం వచ్చే సోమవారం నుంచి అమల్లోకి వస్తుంది.